కొవ్వు పొర దాటితేనే రోగం
గాలికుంటుకు చాకలి సోడా, పిచ్చికుక్క కాటుకు సబ్బు ఎందుకు?

గాలికుంటు వచ్చిన కొట్టంలో సబ్బునీళ్ళు చల్లి, ఇక భయం లేదనుకునే రైతులు ఉన్నారు. పిచ్చికుక్క కరిచిన చోట సబ్బు ముట్టించకుండా సున్నమో, కారమో, ఆకుపసరో పెట్టి కట్టుకట్టే వాళ్ళూ ఉన్నారు. ఈ రెండూ తలకిందుల పనులే. సబ్బు పనిచేయని చోట దాన్ని నమ్ముతున్నాం, సబ్బు ప్రాణం నిలబెట్టే చోట దాన్ని వదిలేస్తున్నాం. రెండు రోగాలకూ కారణం వైరస్సే అయినప్పుడు మందు ఎందుకు వేరయింది? దీనికి జవాబు మందుల షాపులో దొరకదు. వైరస్ లోపల మడతబెట్టి ఉన్న దారానికీ, మన శరీర కణాల చుట్టూ ఉన్న కొవ్వు పొరకూ నడుమ జరిగే పనిలో ఉంది. ఈ ఒక్క విషయం తెలిస్తే ఏ రోగానికి ఏ మందునీళ్ళు కలపాలో రైతు తనకు తానే తేల్చుకోవచ్చు.

ఉమ్మడి చిత్తూరు జిల్లాలో వాన ముఖం చాటేసిన ఏడాది కుటుంబాన్ని నిలబెట్టేది పాడే. రెండు ఆవులున్న ఇంట్లో ఒక ఆవుకు గాలికుంటు సోకితే నెల ఖర్చులు తలకిందులవుతాయి. అందుకే ఈ పాఠం కొంచెం ఓపికగా చదవాలని రైతు సోదరులకు మనవి.

కణం చుట్టూ కొవ్వు పొర

ఆవు నాలుక అయినా, గిట్టల సందు అయినా, మన చర్మం అయినా కంటికి కనిపించని కణాలతో కట్టినవే. ఒక్కో కణం చుట్టూ పల్చని పొర ఉంటుంది. అది కొవ్వుతో తయారైన పొర. 1925లో హాలెండు దేశంలో గోర్టర్, గ్రెండెల్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు మేక, గొర్రె, మనిషి వంటి వాటి రక్తంలోని ఎర్రకణాల నుంచి కొవ్వును తీసి నీళ్ళ మీద పల్చగా పరిచి చూశారు. అది పరుచుకున్న జాగా ఆ కణాల పైభాగానికి సుమారు రెట్టింపు వచ్చింది. అంటే కణం చుట్టూ కొవ్వు ఒక వరుసగా కాదు, రెండు వరుసలుగా ఉందన్నమాట.

ఒక్కో కొవ్వు అణువుకు నీళ్ళను ఇష్టపడే తల ఒకటి, నీళ్ళంటే గిట్టని తోకలు రెండు ఉంటాయి. రెండు వరుసల మనుషులు వీపుకు వీపు ఆనించి నిలబడినట్టు, తోకలు లోపలికీ తలలు బయటికీ పెట్టుకుని ఇవి నిలబడతాయి. పొర నడిమి భాగమంతా నూనె మాదిరి ఉంటుంది. నీళ్ళలో కరిగే పెద్ద వస్తువు ఏదీ ఆ నూనె భాగాన్ని సులభంగా దాటలేదు. మన గొడ్ల ఒంట్లో ఉన్న మొదటి కంచె ఇదే.

వైరస్ అంటే మడతబెట్టిన దారం

వైరస్‌కు నోరు లేదు, కడుపు లేదు. తనంతట తాను పెరగలేదు. దాని లోపల ఉండేది ఒక దారం. కొన్నింటిలో ఆ దారాన్ని డి.ఎన్.ఏ. అంటారు, కొన్నింటిలో ఆర్.ఎన్.ఏ. అంటారు. 'నన్ను ఇలా తయారుచేయి' అని కణానికి ఇచ్చే ఆజ్ఞలన్నీ ఆ దారం మీదే రాసి ఉంటాయి. గాలికుంటు వైరస్‌లో ఉన్నది ఆర్.ఎన్.ఏ. దారం. దాని మీద సుమారు 8,400 అక్షరాలు ఉంటాయి.

ఈ వైరస్ ఎంత చిన్నదంటే, సుమారు 33 వేల వైరస్‌లను వరుసగా పేరిస్తే ఒక మిల్లీమీటరు అవుతుంది. 1898లో జర్మనీలో లోఫ్లర్, ఫ్రోష్ అనే శాస్త్రజ్ఞులు, సూక్ష్మక్రిములను ఆపే వడపోత గుండా కూడా గాలికుంటు కారకం దాటిపోతోందని చూపించారు. పశువుల రోగాల్లో వైరస్ అని మొదట తేలింది ఇదే.

అంత చిన్న గూటిలో అంత పొడుగు దారం ఎలా ఇమిడింది? చాపితే దారం పొడవు గూడు వెడల్పుకు నూరింతలకు పైనే. మడతల వల్లనే ఇమిడింది. పలుపుతాడుకు పురి ఎక్కువైతే ఏమవుతుందో మీకు తెలుసు. తన మీద తానే చుట్టుకుని మెలికలు, ఉండలు పడుతుంది. ఆర్.ఎన్.ఏ. కూడా అంతే. దాని మీది అక్షరాల్లో కొన్నింటికి కొన్నింటితో జత కుదురుతుంది. జత దొరికిన చోట దారం వెనక్కి మళ్ళి తనకు తానే అతుక్కుంటుంది. జడపిన్ను మాదిరి ఒంపులు, కాడలు, ముళ్ళు ఏర్పడతాయి. గాలికుంటు వైరస్ దారం మొదట్లోనే సుమారు 360 అక్షరాల పొడుగున్న పెద్ద జడపిన్ను మడత ఒకటి ఉంది.

ఈ మడతలు ఊరికే పడినవి కావు. గాలికుంటు దారంలో మరో పెద్ద మడత, కణంలో ప్రొటీన్లు తయారుచేసే యంత్రాన్ని పట్టుకుని తన పనికి పెట్టుకుంటుంది. కొక్కెం వంగి ఉంటేనే కదా బొక్కెన తగులుకునేది. దారం మీది రాత ఎంత ముఖ్యమో, అది ఎట్లా మడత పడిందన్నదీ అంతే ముఖ్యం.

దారం ఒంటరిగా పొర దాటలేదు

ఈ దారానికి వెన్నెముక మీకు తెలిసిన వస్తువే. డీఏపీ బస్తాలో ఉండే భాస్వరం, ఆమ్లజనితో కలిసిన రూపంలో, దారం పొడుగునా ఉంటుంది. దానివల్ల దారానికి రుణ విద్యుదావేశం వస్తుంది. అలాంటిది నీళ్ళలోనే ఉండగలదు. ఉప్పుకల్లు నూనెలో వేస్తే కరగదు, అడుగున కూర్చుంటుంది. అదే విధంగా ఆర్.ఎన్.ఏ. దారం కొవ్వు పొర నడుమనున్న నూనె భాగంలోకి దిగలేదు.

మరి దారానికీ కొవ్వు పొరకూ అసలు పొత్తే లేదా? ఉంది. 1999లో అమెరికాలోని కొలరాడోలో శాస్త్రజ్ఞులు లెక్కలేనన్ని ఆర్.ఎన్.ఏ. దారాల నుంచి కొవ్వు పొరకు అంటుకునే వాటిని ఏరి తీశారు. అవి పొర మీద చేరి దాని గుండా లవణాల రాకపోకలను మార్చగలవని చూశారు. 2022లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో మరో విషయం వెలువడింది. కొవ్వు పొర కరిగిన నెయ్యిలా పల్చగా ఉంటే ఆర్.ఎన్.ఏ. అంతగా అంటుకోదు. చలికాలం పొద్దున పేరిన నెయ్యిలా గట్టిగా ఉంటే, నీళ్ళలో కాల్షియం కూడా ఉంటే అంటుకుంటుంది. దారం మీది రాత, దాని మడత తీరును బట్టి ఎంత గట్టిగా అంటుకునేదీ మారుతుంది. కాల్షియం రెండింటికీ నడుమ వంతెన మాదిరి పనిచేస్తుంది.

అయితే బతికున్న ఆవు కణం పొర కరిగిన నెయ్యి బాపతు. అంటుకోవడం వేరు, దాటడం వేరు. 8,400 అక్షరాల దారం లోపలికి పోవాలంటే ఎవరో ఒకరు తలుపు తీయాలి. తలుపు తీసే పద్ధతిని బట్టి వైరస్‌లు రెండు జాతులు.

గాలికుంటు దారి: పులుపే తాళంచెవి

గాలికుంటు వైరస్‌కు కొవ్వు తొడుగు లేదు. దారం చుట్టూ ప్రొటీన్ ముక్కలతో అల్లిన గూడు మాత్రమే ఉంటుంది. ఈ గూడు కణం మీది ఒక కొక్కేన్ని పట్టుకుంటుంది. కణం అదేదో మేత అనుకుని పొరతో సహా లోపలికి మింగుతుంది. ఇప్పుడు వైరస్ కణం లోపల ఒక చిన్న కొవ్వు సంచిలో ఉంది. నిజంగా లోపలికి పోవాలంటే ఆ సంచి పొరను కూడా దాటాలి.

కణం తాను మింగిన సంచిలో కొద్దికొద్దిగా పులుపును పెంచుతుంది. ఆ పులుపు తగలగానే గాలికుంటు గూడు 12 ముక్కలుగా విడిపోతుంది. ఈ వైరస్ కుటుంబంలో గూడు లోపలి వైపున్న ఒక చిన్న ప్రొటీన్ పొరలో సందు చేయడానికి తోడ్పడుతుందని పరిశోధనలు చూపాయి. ఆ దారినే దారం బయటపడి కణం నడిమికి చేరుతుంది. అక్కడ దాని మడతలు కణం యంత్రాన్ని పట్టుకుంటాయి. కొద్ది గంటల్లో ఆ కణం నిండా కొత్త వైరస్‌లే. ఆవు నాలుక మీద, పొదుగు మీద, గిట్టల సందున బొబ్బలు లేస్తాయి.

పులుపు ఈ వైరస్‌కు తాళంచెవి, అదే దాని బలహీనత కూడా. కణం లోపల పులుపు తగిలితే గూడు విడిపోయి దారం లోపలికి పోతుంది. అదే పులుపు కొట్టం నేల మీద తగిలితే? గూడు అక్కడే విడిపోతుంది. దాటడానికి కణమే లేదు. దారం మట్టిలో పడి చెడిపోతుంది.

కొవ్వు చొక్కా తొడిగిన వైరస్‌లు

రెండో జాతి వైరస్‌లు తాము పుట్టిన కణం పొర నుంచే కొంత కొవ్వు చింపుకుని చొక్కాలా తొడుక్కుని బయటికి వస్తాయి. కుక్కకాటు వల్ల వచ్చే రేబిస్, మేకలకూ గొర్రెలకూ వచ్చే పీపీఆర్, పశువుల ముద్దచర్మ వ్యాధి, మనుషులకు వచ్చిన కరోనా ఈ జాతివి. వీటికి పొర దాటడం సులువు. నీళ్ళలో తేలే రెండు నూనె చుక్కలు దగ్గరికి రాగానే ఒకటైపోయినట్టు, వైరస్ కొవ్వు చొక్కా కణం కొవ్వు పొరతో కలిసిపోతుంది. లోపలున్న దారం నేరుగా కణంలోకి జారుతుంది. చొక్కా మీదున్న ప్రొటీన్ ముళ్ళు ఈ రెండు పొరలనూ దగ్గరికి లాగుతాయి.

ఇక్కడే సబ్బు సంగతి వస్తుంది. సబ్బు అణువుకూ నీళ్ళను ఇష్టపడే తల, నూనెను ఇష్టపడే తోక ఉంటాయి. అది కొవ్వు చొక్కా నడుమ చీలిక మేకులా దూరి చొక్కాను ముక్కలు చేస్తుంది. జిడ్డు చట్టి సబ్బుకు శుభ్రమయ్యేదీ ఇందువల్లే. చొక్కా పోతే దాని మీది ముళ్ళూ పోతాయి. ఇక దారానికి పొర దాటే దారి లేదు. గాలికుంటుకు చొక్కానే లేదు కాబట్టి సబ్బు చీల్చేందుకు అక్కడేమీ దొరకదు. పాఠం అంతా ఈ రెండు మాటల్లోనే ఉంది.

కొట్టంలో ఏం చేయాలి

గాలికుంటు వచ్చినప్పుడు మొదట పేడ, మిగిలిన కసువు, మట్టి ఊడ్చి తీయాలి. పేడ కింద దాగిన వైరస్‌కు ఏ మందునీళ్ళూ తగలవు. సబ్బునీళ్ళతో కడిగితే మురికి పోతుంది, మంచిదే. కానీ అది మొదటి మెట్టు మాత్రమే.

తరువాత చాకలి సోడా నీళ్ళు చల్లాలి. లీటరు నీళ్ళకు 40 గ్రాములు, అంటే 10 లీటర్ల బొక్కెనకు 400 గ్రాములు. ఇది 4 శాతం ద్రావణం అవుతుంది. వంటింట్లో తినే సోడా కాదు, బట్టలకు వాడే సోడా తెచ్చుకోవాలి. ఈ నీళ్ళ కారం గుణానికి వైరస్ గూడు విడిపోతుంది. అంతటితో ఆగదు. క్షారం తగిలితే ఆర్.ఎన్.ఏ. దారమే ముక్కలుగా తెగుతుంది. నేల, గాడి, కుడితి తొట్టి అంచులు కనీసం పది నిముషాలు తడిగా ఉండాలి. ఆ తరువాత గాడినీ తొట్టినీ మంచినీళ్ళతో కడిగి గొడ్లను కట్టాలి.

పాలక్యానులు, చెంబులు, చేతులకు సోడా కంటే నిమ్మఉప్పు మేలు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో వాడే సిట్రిక్ ఆమ్లం అంటే ఇదే. లీటరుకు 2 గ్రాములు చాలు. పులుపుకు ఈ గూడు ఎలా విడిపోతుందో పైన చూశాం.

సోడానూ నిమ్మఉప్పునూ ఒకే బొక్కెనలో కలపవద్దు. బుస్సున పొంగి ఒకదాని గుణాన్ని ఒకటి చంపేస్తుంది. చివరికి ఉప్పునీళ్ళు మిగులుతాయి. రెండూ వాడాలంటే వేరువేరు పాత్రల్లో, వేరువేరు పనులకు వాడాలి.

సోడానీళ్ళు పశువు పుండ్ల మీద పోయరాదు. కళ్ళలో పడకుండా చూసుకోవాలి. నోటిపుండ్లను పటిక కలిపిన నీళ్ళతో కడగవచ్చు. గిట్టల పుండ్లకు ఈగలు ముసరకుండా పశువైద్యుడు చెప్పిన మందు పూయాలి. మెత్తటి మేత, గంజి, జావ పెట్టాలి.

కొట్టం గడపలో గోనెసంచిని సోడానీళ్ళతో తడిపి పరచండి. వచ్చేపోయే వాళ్ళు దాని మీద కాళ్ళు పెట్టి రావాలి. పాలు పోయించుకునే వాళ్ళు, దళారులు, చుట్టపక్కల రైతులు ఒక కొట్టం నుంచి ఇంకో కొట్టానికి తమకు తెలియకుండానే చెప్పులతో రోగాన్ని మోస్తారు. ఖర్చు లేని పని ఇది.

బొబ్బలు కనిపించడానికి ముందే వైరస్ పాలలో, ఊపిరిలో బయటికి వస్తుంది. అందువల్ల సోకిన ఆవు పాలు దూడ తాగకుండా చూడాలి. లేత దూడల్లో ఈ వైరస్ గుండె కండరాన్ని పట్టి ఉన్నట్టుండి ప్రాణం తీస్తుంది. సోకిన పశువును సంతకు తోలవద్దు. మన జిల్లా గొడ్లు అటు తమిళనాడు, ఇటు కర్ణాటక సంతలకు పోయి వస్తుంటాయి. కనుమకు ఎ.రంగంపేట పశువుల పండగ లాంటి చోట్ల ఊళ్ళ గొడ్లన్నీ ఒకచోట చేరతాయి. ఒక్క పశువు చాలు, పది ఊళ్ళకు చేరడానికి.

ముద్దచర్మ వ్యాధి విషయంలో ఒక జాగ్రత్త

ముద్దచర్మ వ్యాధి మన దేశంలో 2019లో ఒడిశాలో మొదట కనిపించింది. 2022లో రాజస్థాన్, గుజరాత్ తదితర రాష్ట్రాల్లో పెద్దఎత్తున పశువులను బలిగొంది. దీని వైరస్‌కు కొవ్వు చొక్కా ఉంది కాబట్టి సబ్బుకు లొంగుతుంది. అయితే రాలిన ఎండుపొక్కుల లోపల అది వారాల తరబడి నిలవగలదు. పొక్కు గట్టిపడితే సబ్బునీళ్ళు లోపలికి దిగవు. రాలిన పొక్కులను ఏరి కాల్చాలి, లేదా లోతుగా పూడ్చాలి. తరువాత నేలకు 2-3 శాతం సోడియం హైపోక్లోరైటు ద్రావణం వాడవచ్చు. ఈ రోగాన్ని ఈగలు, దోమలు, గోమార్లు మోస్తాయి. కొట్టం దగ్గర నీళ్ళు నిలవకుండా, సాయంత్రం పొగ పెట్టి కాపాడుకోవాలి.

పిచ్చికుక్క కరిస్తే

కరిచిన మరుక్షణం కుళాయి నీళ్ళ కింద గానీ, చెంబుతో ధారగా పోస్తూ గానీ సబ్బుతో గాయాన్ని కనీసం 15 నిముషాలు కడగాలి. గడియారం పెట్టుకుని కడగండి. రేబిస్ వైరస్‌కు కొవ్వు చొక్కా ఉంది. కుక్క చొంగలోంచి గాయంలో పడ్డ వైరస్, నరాల పొరలతో కలిసిపోవడానికి ముందే సబ్బు దాని చొక్కా చింపాలి. సున్నం, కారం, పసుపు, ఆకుపసరు కొవ్వు పొరను సబ్బులా చీల్చవు. పైగా గాయాన్ని రేపుతాయి. కట్టు బిగించవద్దు.

సబ్బుతో కడిగాం కదా అని ఊరుకోకూడదు. వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి పోయి టీకా మొదలుపెట్టాలి. లోతు గాయమైతే సీరం కూడా వేస్తారు. చెప్పిన తేదీల్లో ఒక్కటీ తప్పకూడదు. రేబిస్ లక్షణాలు మొదలైన తరువాత మనిషిని కాపాడడం దాదాపు అసాధ్యం.

ఆవును గానీ ఎనుమును గానీ కుక్క కరిచినా ఇదే పద్ధతిలో కడిగి పశువైద్యుడికి చూపాలి. మేత మింగలేక చొంగ కారుస్తున్న పశువు నోట్లో గడ్డి ఇరుక్కుందని ఒట్టి చేయి పెట్టి చూడవద్దు. అది రేబిస్ కూడా కావచ్చు.

గాలికుంటు టీకా: దారాన్ని పాడుచేసి గూడును నిలిపి

మన దేశంలో ఓ, ఏ, ఆసియా-1 అనే మూడు రకాల గాలికుంటు వైరస్‌లు తిరుగుతున్నాయి. ఒక రకం సోకి తగ్గిన పశువుకు మరో రకం రావచ్చు. అందుకే టీకాలో మూడు రకాలూ కలుపుతారు. హైదరాబాదులోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థ ఈ టీకాను తయారుచేస్తోంది.

తయారీలో ఒక సూక్ష్మం ఉంది. పెంచిన వైరస్‌కు ఒక రసాయనం కలుపుతారు. అది గూడు లోపలికి దిగి దారాన్ని పాడుచేస్తుంది, గూడును మాత్రం ముట్టుకోదు. దారం చెడింది కాబట్టి రోగం రాదు. గూడు చెక్కుచెదరలేదు కాబట్టి పశువు ఒంట్లోని రక్షణ బలగం దాని రూపాన్ని గుర్తుపెట్టుకుంటుంది. రేపు అసలు వైరస్ వచ్చినప్పుడు కణం కొక్కేన్ని పట్టుకోకముందే అడ్డుకుంటుంది.

గూడు విడిపోతే టీకా బలం చాలా తగ్గిపోతుంది. వేడికి ఆ గూడు 12 ముక్కలవుతుంది. అందుకే టీకాను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. గడ్డకట్టనివ్వకూడదు కూడా. గడ్డకడితే నూనెతో కలిపిన టీకా విరిగిపోతుంది. టీకా వేసేవాళ్ళు మంచు డబ్బా తెచ్చారా లేదా అని అడిగే హక్కు రైతుకుంది. ఎండలో బండి మీద తిరిగిన సీసా వద్దనండి.

దూడకు నాలుగు నెలలు నిండాక మొదటి టీకా, నెలకు బూస్టరు, ఆ తరువాత ఆరు నెలలకొకసారి వేయించాలి. 2019 సెప్టెంబరులో మొదలైన జాతీయ పశువ్యాధి నియంత్రణ కార్యక్రమం కింద ఈ టీకాను ఉచితంగా వేస్తున్నారు. చెవిపోగు నంబరు వేయించుకోండి. టీకా వేశాక రెండు మూడు రోజులు పాలు కొంచెం తగ్గవచ్చు, సూది వేసిన చోట గడ్డ రావచ్చు. ఆ రెండు రోజుల పాలకు ఆశపడి టీకా మానేస్తే, రోగం వచ్చినప్పుడు ఆ ఈతకే పాలు పోతాయి. తగ్గాక కూడా కొన్ని సంకరజాతి ఆవులు ఎండకు తట్టుకోలేక రొప్పుతూనే ఉంటాయి.

దారాన్నే టీకాగా మార్చిన కథ

ఇదే దారాన్ని మనిషి తన మేలుకు వాడుకోవడం నేర్చుకున్నాడు. కరోనా కాలంలో వచ్చిన ఎం-ఆర్.ఎన్.ఏ. టీకాల్లో ఉన్నది చచ్చిన వైరస్ కాదు, ఒక ఆర్.ఎన్.ఏ. దారం. ఒట్టి దారాన్ని సూదితో వేస్తే కొవ్వు పొర దాటదు, మధ్యలోనే తెగిపోతుంది. పైగా రెండు పేటలుగా అతుక్కున్న మడతలు ఎక్కువుంటే శత్రువు వచ్చిందని కణం గంట మోగిస్తుంది.

కాటలిన్ కరికో, డ్రూ వైస్‌మన్ అనే శాస్త్రజ్ఞులు 2005లో దారం మీది ఒక అక్షరాన్ని కొద్దిగా మార్చి ఆ గంట మోగకుండా చేశారు. అందుకు 2023లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది. ఇక పొర దాటించడానికి దారాన్ని కొవ్వు గోళీల్లో చుట్టారు. ఆ గోళీ కొవ్వు రక్తంలో ఉన్నప్పుడు ఊరికే ఉంటుంది. కణం మింగిన సంచిలో పులుపు తగలగానే ధన ఆవేశం పొంది, సంచి పొరతో పెనవేసుకుని దాన్ని చెదరగొడుతుంది. దారం బయటపడుతుంది. గాలికుంటు వైరస్ వాడుకునే పులుపునే మనిషీ తాళంచెవిగా వాడుకున్నాడన్నమాట. ఇంతచేసినా లోపలికి చేరేది నూటికి కొద్దిపాళ్ళే. కొవ్వు పొర ఎంత గట్టి కంచెనో దీన్నిబట్టే తెలుస్తుంది.

2022లో హైదరాబాదులోని సీసీఎంబీ పరిశోధనాలయం ఈ రకం టీకా పద్ధతిని స్వదేశీ పరిజ్ఞానంతో రూపొందించి ఎలుకల మీద పరీక్షించినట్టు ప్రకటించింది.

రైతుల సందేహాలు

ప్రశ్న: డెట్టాలు, ఫినాయిలు చల్లితే గాలికుంటు పోదా?
జవాబు: వాసన మంచిగా ఉంటుంది గానీ, ముఖ్యంగా పేడ, మురికి ఉన్న చోట ఈ వైరస్ వాటికి సరిగా లొంగదు. ఆ డబ్బుతో చాకలి సోడా కొంటే నాలుగు ఇళ్ళకు సరిపోతుంది.

ప్రశ్న: పీపీఆర్ వచ్చిన మేకల దొడ్డికి ఏం వాడాలి?
జవాబు: దానికి కొవ్వు చొక్కా ఉంది. కసువూ పెంటికలూ తీసి సబ్బు లేదా డిటర్జెంటు నీళ్ళతో బాగా కడగండి. సోడానీళ్ళు వాడినా తప్పు లేదు. ఈ రోగానికి మంచి టీకా ఉంది. అది బతికున్న, బలహీనపరచిన వైరస్ టీకా. నీళ్ళు కలిపాక మంచులోనే ఉంచి కొద్ది గంటల్లో వేసేయాలి.

ప్రశ్న: టమోటా పురుగుకు ఆర్.ఎన్.ఏ. మందు వచ్చిందంటున్నారు, నిజమేనా?
జవాబు: అమెరికాలో 2023 చివర బంగాళదుంప పంటను తినే ఒక పెంకుపురుగు మీద రెండు పేటల ఆర్.ఎన్.ఏ. పిచికారీకి అనుమతి ఇచ్చారు. పురుగు ఆకుతో పాటు దాన్ని తింటే పేగు కణాల్లోకి పోయి పనిచేస్తుంది. కాయతొలిచే పురుగు వంటి గొంగళిపురుగుల్లో మాత్రం ఆ దారం పేగులోనే తెగడం, కణం లోపలి కొవ్వు సంచుల్లోనే చిక్కుకుపోవడం ఎక్కువ. అదే కంచె ఇక్కడా అడ్డం. ఆ పేరు చెప్పి ఎవరైనా సీసా అమ్మితే, లేబులు మీద కేంద్ర క్రిమిసంహారక బోర్డు రిజిస్ట్రేషన్ నంబరూ, ఏ పంటకు ఏ పురుగు మీద అనుమతి ఉందో చూసి, బిల్లు తీసుకున్నాకే కొనండి.

గుర్తుంచుకోవలసినవి

కొవ్వు చొక్కా ఉన్న వైరస్‌కు సబ్బు: రేబిస్, పీపీఆర్, ముద్దచర్మ వ్యాధి.

కొవ్వు చొక్కా లేని గాలికుంటుకు చాకలి సోడా లీటరుకు 40 గ్రాములు, లేదా నిమ్మఉప్పు లీటరుకు 2 గ్రాములు. రెండూ కలపవద్దు.

ఏ మందైనా పేడ తీశాకే పనిచేస్తుంది.

కుక్క కరిస్తే 15 నిముషాలు సబ్బుతో కడుగు, తరువాత ఆసుపత్రి.

టీకా ఆరు నెలలకొకసారి, మంచు డబ్బాలోంచి తీసిందే వేయించాలి.

పశువు నోట్లో, గిట్టల్లో బొబ్బలు కనిపించిన రోజే దగ్గరలోని పశువైద్యశాలకో, రైతు సేవా కేంద్రానికో తెలపండి. దాచిపెడితే పక్కింటి కొట్టానికే ముందు పోతుంది.